అమ్మానాన్నలతో, పిల్లలతో డిండి వెళ్ళి అలసట తీరి రావడం ఎలా

మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లెటూరు. గోదారి పాయ వశిష్ఠ ఒడ్డునున్న డిండి మాకు దగ్గరే. చలిగాలి తిరిగేసరికి హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ చుట్టాల ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న: "వదినా, అత్తయ్యనీ మావయ్యనీ తీసుకుని డిండి వద్దామనుకుంటున్నాం. ఏ రిసార్టు బాగుంటుంది?" పేరు చెప్పడం తేలికే. కానీ మంచి రిసార్టులో దిగి, డబ్బు పోసి, నడుములు పట్టేసి ఇంటికెళ్ళినవాళ్ళని ఎంతోమందిని చూశాను. వాళ్ళలో మా ఇంటివాళ్ళూ ఉన్నారు.

మొదటిసారి మా అత్తగారిని తీసుకెళ్ళినప్పుడు ఒక్క రాత్రికే గది తీసుకున్నాం. పొద్దున్నే అయినవిల్లి, అప్పనపల్లి, మధ్యాహ్నం అంతర్వేది చూసుకుని చీకటిపడ్డాక గదికి చేరాం. అప్పటికే మసాజ్ గదులకి తాళం వేసేశారు. మర్నాడు పదకొండింటికి ఖాళీ చేయాలి. పదిరోజుల నుంచీ "నూనె రాస్తారటగా" అని ఎదురుచూసిన మనిషి వాచిన మోకాళ్ళతో, నూనె చుక్క తగలకుండానే కారెక్కింది. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాత నాలుగైదు సార్లు వెళ్ళాం. పొరపాట్లు సరిచేసుకుంటూ వచ్చిన పద్ధతి ఇది. డిండి అని రాశాను గానీ కోనసీమలో ఏటి ఒడ్డున ఎక్కడ దిగినా ఇదే వర్తిస్తుంది.

ఏమేం కావాలి

- రెండు రాత్రులు, మధ్యలో ఎక్కడికీ కదలని ఒక పూర్తి రోజు. ఇది లేకపోతే మిగతా జాబితా ఎంత సర్దుకున్నా లాభం లేదు.
- పెద్దవాళ్ళ మందుల చీటీలు. మాత్రలు మూడు రోజులకి కాదు, అయిదు రోజులకి సరిపడా.
- ప్రతి మనిషికీ ఒక జత పాత బట్టలు. నూనె మరక పడితే బాధపడనివి.
- అడుగున పట్టుండే రబ్బరు చెప్పులు, బాత్రూంలో వేసుకోవడానికి రబ్బరు చాప.
- సున్నిపిండి, కుంకుడు రసం గానీ శీకాయ గానీ. రిసార్టు వాళ్ళిచ్చే షాంపూతో నూనె ఒకపట్టాన వదలదు.
- దోమల మందు, టార్చిలైటు, చిన్న పిల్లలుంటే వాళ్ళ కొలతకి సరిపడే లైఫ్ జాకెట్.
- బీపీ చూసే మిషన్ ఇంట్లో ఉంటే తప్పకుండా పెట్టుకోండి.

1. ముందు నెల చూసుకోండి, తర్వాత తేదీ

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. పొద్దున్న ఏటి మీద మంచు, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం చలిగాలి. అందులోనూ రెండు సందర్భాలు మాత్రం వదిలేయండి. సంక్రాంతి మూడు రోజులూ గదులు దొరకవు, దొరికినా అద్దె రెట్టింపు పైనే, రోడ్లన్నీ కోడిపందేల కార్లతో నిండిపోతాయి. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడాలని ఉంటే అది చూసి తీరాల్సిందే, కాదనను. కానీ దానికి వేరే ప్రయాణం పెట్టుకోండి. రెండోది భీష్మ ఏకాదశి. అంతర్వేది తిరనాళ్ళకి జనం పోటెత్తుతారు, మలికిపురం నుంచి సఖినేటిపల్లి దాకా రోడ్డు కదలదు.

కార్తీకమాసంలో రావచ్చు. పాలకొల్లు క్షీరారామం, ద్రాక్షారామం, కోటిపల్లి దారుల్లో సోమవారాలు రద్దీ ఉంటుంది కాబట్టి మంగళవారం నుంచి గురువారం లోపల పెట్టుకోండి.

జులై నుంచి సెప్టెంబరు దాకా గోదారికి వరద కాలం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంక గ్రామాలు నీళ్ళలో మునిగాయి. మొదటి హెచ్చరిక వచ్చిందంటే ప్రయాణం మానుకోండి. పడవలు ఎలాగూ ఆపేస్తారు. అక్టోబరు, నవంబరు నెలల్లో తుపాన్ల వార్తలు చూసుకుంటూ ఉండాలి. 1996 నవంబరు తుపాను చూసినవాళ్ళెవరూ ఈ మాట తేలిగ్గా తీసుకోరు.

వేసవిలో వస్తామంటారా? డెల్టా కాలవలు కట్టేస్తారు. ఫొటోల్లో చూసిన నిండు కాలవలు మీకు కనపడవు. ఉక్కపోత విపరీతం. కానీ తాటిముంజెలు, మామిడిపళ్ళు, ఖాళీ గదులు, తక్కువ అద్దెలు ఉంటాయి. ఏసీ గదీ ఈతకొలనూ ఉంటే చాలనుకునే పిల్లల తల్లిదండ్రులకి ఇదీ ఒక దారే.

2. ఎవరికి ఏం కావాలో విడివిడిగా అడగండి

అందరినీ కూర్చోబెట్టి అడిగితే "మీ ఇష్టమే మా ఇష్టం" అంటారు. ఆ మాట నమ్మి ఏర్పాట్లు చేస్తే ఎవరికీ ఏదీ దక్కదు. అమ్మని వంటింట్లో, నాన్నని వీధి అరుగు మీద, పిల్లల్ని కారులో అడగండి. ఒక్కొక్కరి దగ్గర ఒకే కోరిక రాయించుకోండి. మా మావగారు కోరింది ఏటిగట్టు మీద పేపరు చదువుతూ కాఫీ తాగడం. అది తీర్చడానికి పైసా ఖర్చు కాలేదు, ఏటి వైపు అరుగున్న గది తీసుకుంటే చాలింది.

ఇంటి ఆడవాళ్ళని అడగడం మరిచిపోతుంటాం. పిల్లలకి తినిపించడం, మాత్రలు అందించడం, తడిబట్టలు ఆరేయడం, సామాన్లు సర్దడం రిసార్టులోనూ వాళ్ళ నెత్తినే పడుతోంది. బయల్దేరే ముందే పనులు పంచుకోండి. మాత్రలు ఎవరిస్తారు, పిల్లలతో కొలను దగ్గర ఎవరుంటారు, రాత్రి పాలు ఎవరు తెప్పిస్తారు అన్నది పేర్లతో సహా అనుకోండి. మధ్యరోజున అమ్మ పేరు ఏ పని పక్కనా ఉండకూడదు.

3. గది ఖాయం చేసేముందు ఫోన్ చేసి అడగాల్సినవి

డిండిలో పర్యాటక శాఖ వాళ్ళ హరిత రిసార్టు ఉంది, ప్రైవేటు రిసార్టులూ ఉన్నాయి. ఏదైనా సరే, ఆన్‌లైన్లో డబ్బు కట్టేముందు ఫోన్ చేయండి. ఫొటోలు ఎప్పుడు తీసినవో మనకి తెలియదు. కాగితం మీద రాసుకుని ఇవన్నీ అడగండి:

- "మా తేదీల్లో మీ దగ్గర పెళ్ళి గానీ రిసెప్షన్ గానీ ఉందా?" అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. ముహూర్తాల రోజుల్లో రిసార్టు కల్యాణమండపం అయిపోతుంది. అర్ధరాత్రి దాకా డీజే. పంచాంగం తీసి మంచి ముహూర్తమున్న రాత్రులు మీరే తప్పించుకోవచ్చు.
- గది కింద అంతస్తులో ఉందా? గుమ్మం దగ్గర ఎన్ని మెట్లు? బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ ఉందా? బాత్రూం వీడియో వాట్సాప్‌లో పంపమనండి. మంచివాళ్ళు పంపుతారు.
- గది ఏటి వైపా, తోట వైపా, రోడ్డు వైపా? "ఏరు కనపడుతుంది" అన్నదానికీ "ఏటి ఒడ్డున ఉంది" అన్నదానికీ చాలా తేడా ఉంది. పక్కన రొయ్యల చెరువులు ఉంటే వాసనా, రాత్రంతా ఏరియేటర్ల మోతా ఉంటాయి. అదీ అడగండి.
- కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ నడుస్తుందా, ఫ్యాన్లే నడుస్తాయా?
- స్నానం నీళ్ళు మంచివేనా? సముద్రం దగ్గరపడేకొద్దీ ఇక్కడ భూమిలో నీళ్ళు ఉప్పన. సబ్బు నురగ రాదు, నూనె వదలదు. అలాగైతే తలస్నానానికి ఒక బకెట్ మంచినీళ్ళు ఇవ్వగలరేమో కనుక్కోండి.
- స్పా ఇప్పుడు నడుస్తోందా? బోర్డు ఉంటుంది, మనుషులుండరు. ఎంతమంది చేస్తారు, ఆడవాళ్ళకి ఆడవాళ్ళే చేస్తారా, వాళ్ళు ఏ రోజు సెలవు, వైద్యులు ఉంటారా అన్నది ఆ గదివాళ్ళతోనే మాట్లాడండి. మధ్యరోజు పొద్దున్నకి పెద్దవాళ్ళ వేళలు ఫోన్లోనే ఖాయం చేసుకోండి. మా మొదటి ప్రయాణంలో చేయని పని ఇదే.
- తుపానో వరదో వస్తే డబ్బు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా? జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి.

అద్దె సంగతి. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటితే 18 శాతం జీఎస్టీ, ఆ లోపైతే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. 7,800 చెప్పిన గదిని 7,500 చేయమని బతిమాలితే మీకు మూడొందలు కాదు, వెయ్యికి పైగా కలిసొస్తుంది. అడగడంలో తప్పులేదు.

రిసార్టులో ఖాళీ లేదంటే దిగులుపడక్కర్లేదు. ఈ మధ్య కొబ్బరితోటల్లో పెంకుటిళ్ళు బాగుచేసి అద్దెకిస్తున్నారు. అక్కడ దిగి మసాజ్‌కి మాత్రం రిసార్టుకి వెళ్ళొచ్చు. బయటివాళ్ళకి చేస్తారో లేదో ముందు కనుక్కోండి.

4. ప్రయాణంలోనే అలిసిపోకండి

హైదరాబాదు నుంచి రాత్రి నరసాపురం రైలెక్కితే తెల్లారేసరికి పాలకొల్లులో దింపుతుంది. అక్కడి నుంచి చించినాడ వంతెన మీదుగా డిండికి కారులో అరగంట. విమానమైతే రాజమండ్రి మధురపూడిలో దిగి 80 కిలోమీటర్లకి పైనే, రెండున్నర గంటలు వేసుకోండి.

రైలుతో ఒక చిక్కుంది. మీరు పొద్దున్నే దిగుతారు, గది ఇచ్చేది మధ్యాహ్నం. ఆ నాలుగైదు గంటలూ రిసెప్షన్ సోఫాలో పెద్దవాళ్ళని కూర్చోబెడితే సగం ఉత్సాహం అక్కడే చచ్చిపోతుంది. ముందురోజే ఫోన్ చేసి త్వరగా గది అడగండి. సగం అద్దె ఎక్కువడిగినా ఇచ్చేయండి, ఆ డబ్బు ఊరికే పోదు. కాదంటే పాలకొల్లులో ఒక గది రెండు గంటలకి తీసుకుని స్నానాలు చేసి, క్షీరారామలింగేశ్వరుణ్ణి చూసుకుని, టిఫిను తిని నిదానంగా బయల్దేరండి. తొమ్మిది అంతస్తుల గోపురం స్టేషన్ దిగిన కాసేపటికే కనపడుతుంది.

కారులో వచ్చేవాళ్ళు రెండు గంటలకోసారి దిగి అటూ ఇటూ నడవాలి. వయసైనవాళ్ళకి కాళ్ళు వేలాడేసి కూర్చుంటే పాదాలు వాస్తాయి. దిగాక కూడా ఒక కాలి పిక్క మాత్రమే వాచి, పట్టుకుంటే నొప్పిగా, వేడిగా ఉంటే దాన్ని ప్రయాణపు బడలిక అనుకోవద్దు. ఆ కాలికి మసాజ్ అసలు చేయించవద్దు. ముందు డాక్టరు చూడాలి.

5. మొదటి రోజు ఏమీ చేయకండి

గదిలోకి వెళ్ళగానే మూడు చూడండి: వేడినీళ్ళు వస్తున్నాయా, తలుపు గడియ పెద్దవాళ్ళు తీయగలరా, పక్క మీద దుప్పటి శుభ్రంగా ఉందా. బాగోకపోతే సామాను విప్పకముందే గది మార్చమనండి. విప్పాక మార్పించుకోవడం ఎవరివల్లా కాదు.

సాయంత్రం స్పా గదికి వెళ్ళి, మర్నాడు వాడబోయే నూనె రెండు చుక్కలు అడిగి తెచ్చుకోండి. ప్రతివాళ్ళకీ మోచేతి మడతలో రాయండి. పొద్దున్నకి ఎర్రబడినా దురద పెట్టినా ఆ నూనె ఆ మనిషికి పడదు. నువ్వులు పడనివాళ్ళుంటే నూనె దేనితో కాచారో తప్పకుండా అడగాలి. ఈ చిన్న పరీక్ష చేసేవాళ్ళు చాలా తక్కువ. మా ఆడపడుచుకి మెడ నిండా దద్దుర్లు లేచాకే నేను నేర్చుకున్నాను.

ఆ తర్వాత ఏటిగట్టున కూర్చోండి. పొద్దుగుంకే వేళకి దోమలు లేస్తాయి, ఆరులోపల లోపలికి వచ్చేయండి.

6. నూనె రోజు

అన్ని తప్పులూ ఇక్కడే జరుగుతాయి కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఎవరికి వద్దు, ఎవరికి జాగ్రత్త. ముందుగా ఇది తేల్చుకోండి. జ్వరం, తగ్గని పుండు, చర్మవ్యాధి ఉన్నవాళ్ళకి వద్దు. గర్భిణులు ఆవిరిగదికీ వేడినీళ్ళ తొట్టికీ దూరంగా ఉండాలి, మసాజ్ కూడా తమ డాక్టరు సరేనంటేనే. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళు ఆవిరి మానేయాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళకీ, ఎముకలు గుల్లబారినవాళ్ళకీ గట్టిగా నొక్కకూడదు. కాళ్ళ మీద నరాలు ఉబ్బినవాళ్ళకి ఆ చోట్లు వదిలేయాలి. షుగరు ఉన్నవాళ్ళలో కొందరికి పాదాలు మొద్దుబారి ఉంటాయి, వేడి మూట తగిలినా తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది. మూట మీ చేతి మీద పెట్టించుకుని చూశాకే వాళ్ళ పాదాలకి పెట్టనివ్వండి. ఇన్సులిన్ పొడిచిన చోట మర్దన చేస్తే మందు త్వరగా ఎక్కి షుగరు పడిపోవచ్చు. అదీ ముందే చెప్పాలి. ఇవన్నీ వాళ్ళే అడుగుతారనుకోకండి. ఒక కాగితం మీద "మోకాలి ఆపరేషన్ అయింది, బీపీ మాత్ర వాడతారు" అని రాసి చేసేవాళ్ళ చేతికివ్వండి.

ఏది ఎంచుకోవాలి. పెద్దవాళ్ళకి మొదటిసారైతే అభ్యంగనం చాలు. గోరువెచ్చని నూనెతో ఒళ్ళంతా నెమ్మదిగా రాయడం, గంటసేపు. భోగినాటి తలంటు ఎరిగిన మనవాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, అందుకే జంకు లేకుండా ఒప్పుకుంటారు. శిరోధార నిద్రపట్టని వాళ్ళకి ఇష్టమవుతుంది, కానీ నుదుటి మీద సన్నటి ధార ముప్పావుగంట పడుతుంటే కదలకుండా పడుకోవాలి. మెడనొప్పి ఉన్నవాళ్ళు, జలుబు చేసినవాళ్ళు ఇంకోసారి చూసుకోవచ్చు. "రెండు గంటల్లో పంచకర్మ" అని ఎవరైనా ప్యాకేజీ చెబితే వద్దనండి. పంచకర్మ అంటే వైద్యుడి పర్యవేక్షణలో రోజుల తరబడి, పథ్యంతో చేసే చికిత్స. అది సెలవుల్లో చేసే పని కాదు. కడుపులోకి ఇచ్చే మందు ఏదీ తీసుకోకండి.

పిల్లలకి ఆవిరిగది వద్దే వద్దు. వాళ్ళకి ఒంట్లో వేడి త్వరగా పెరిగిపోతుంది. కావాలంటే గదిలో మీరే కొబ్బరినూనెతో ఒళ్ళు రాసి స్నానం చేయించండి, సంబరపడతారు.

వేళ. తిన్న రెండు గంటల దాకా వద్దు, మరీ ఖాళీ కడుపునా వద్దు. మా మావగారు పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా ఆవిరిపెట్టెలో కూర్చుని, లేవగానే కళ్ళు తిరిగి పడబోయారు. చేసే కుర్రాడు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. ఏడింటికి రెండిడ్లీలు తిని తొమ్మిదిన్నరకి వెళ్ళడం మాకు కుదిరిన వేళ. ఆవిరి తీసుకునేవాళ్ళకి పది నిమిషాలు చాలు, ముందూ వెనకా నీళ్ళు తాగాలి, లేచేముందు అంచున ఒక నిమిషం కూర్చోవాలి.

లోపలికి వెళ్ళాక. గాజులు, గొలుసులు గదిలోనే వదిలి రండి. పుస్తెలతాడు తీయడం చాలామంది పెద్దావిడలకి మనసొప్పదు. తీయమని ఒత్తిడి చేయకండి. "మంగళసూత్రం ఉంటుంది, మెడ దగ్గర చూసి చేయమ్మా" అని చేసే అమ్మాయికి ముందే చెబితే తాడు మీద గుడ్డ కప్పి చేస్తుంది. నొక్కుడు ఎక్కువైతే అడగడానికి పెద్దవాళ్ళు మొహమాటపడతారు. "నొప్పెడితే చెయ్యెత్తు అమ్మా" అని గుర్తు చెప్పి పంపండి. గంట అన్నప్పుడు ఆవిరి, స్నానం అందులో కలుస్తాయా, విడిగానా అన్నది డబ్బిచ్చేముందే తేల్చుకోండి.

బయటికి వచ్చాక. ఎక్కువమంది దెబ్బతినేది మసాజ్‌లో కాదు, తర్వాత నాలుగడుగుల్లో. అరికాళ్ళకి నూనె, కింద నున్నటి టైల్స్. బల్ల దిగకముందే అరికాళ్ళు పొడిగుడ్డతో గట్టిగా తుడిపించండి, చెప్పులు తొడిగించండి, చెయ్యి పట్టుకుని నడిపించండి. బాత్రూంలో రబ్బరు చాప, ప్లాస్టిక్ కుర్చీ. అరగంట ఆగి గోరువెచ్చని నీళ్ళతో స్నానం. సున్నిపిండిని తడపకముందు నూనె ఒంటికే పొడిగా రుద్దితే నూనెని అదే పీల్చుకుంటుంది. ముందు నీళ్ళు పోసేస్తే జిడ్డు ముద్దలు కడుతుంది. తల ఆరేదాకా ఏసీ వేయకండి. ఆ పూట ఈతకొలను వద్దు, ఎండలో తిరగడం వద్దు. చారన్నం, పెరుగన్నం తిని పడుకోనివ్వండి. ఎవరూ లేపకండి.

7. తిండి

గోదారి జిల్లాకి వచ్చి పథ్యం తినమని నేను చెప్పను. కానీ వరస మార్చుకోండి. వేపుళ్ళు, బొమ్మిడాయిల పులుసు, రొయ్యల ఇగురు మొదటి రోజు మధ్యాహ్నం గానీ చివరి రోజు గానీ పెట్టుకోండి. నూనె రోజు మాత్రం తేలిగ్గా ఉండాలి. అంబాజీపేట పొట్టిక్కలు, పనసాకు దొన్నెల్లో ఉడికించిన ఇడ్లీ లాంటివి, ఆ రోజుకి సరిగ్గా సరిపోతాయి. కొబ్బరి బొండాలు ఎలాగూ తోటలోనివే.

రిసార్టుల్లో రాత్రి భోజనం ఎనిమిదింటికి గానీ మొదలవదు, పెద్దవాళ్ళు ఏడున్నరకే తినాలి. వంటవాళ్ళకి పొద్దున్నే చెప్పండి, కారం తగ్గించమని కూడా అప్పుడే చెప్పండి.

వరద రోజుల్లో పులస పేరు చెప్పి సముద్రంలో పట్టిన చేపని అమ్మేవాళ్ళు ఉంటారు. ఎర్రనీళ్ళు వచ్చాక, ఊళ్ళో తెలిసినవాళ్ళ చేత కొనిపిస్తేనే కొనండి. మెనూలో ధర రాయని చేప ఏదైనా బరువూ ధరా ముందు చెప్పించుకోండి.

8. నీళ్ళు, పడవ

ఈతకొలను దగ్గర లోతు గుర్తులు చూడండి. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో, ఫోన్ చేతిలో లేకుండా ఉండాలి. నలుగురు పెద్దవాళ్ళు ఉంటే "ఎవరో చూస్తున్నార్లే" అనుకుంటారు, అదే ప్రమాదం. ఒకరి పేరు చెప్పి అప్పగించండి.

వశిష్ఠ ఇక్కడ ప్రశాంతంగా కనపడుతుంది కానీ సముద్రం దగ్గర కాబట్టి పోటూ పాటూ ఉంటాయి. పొద్దున్న మోకాలి లోతున్న చోట సాయంత్రం నిలువు లోతు ఉండొచ్చు. రేవు మెట్ల మీద పాచి ఉంటుంది. ఏట్లో దిగొద్దు.

పడవ షికారుకి గంట చాలు. రాత్రి హౌస్‌బోటులో ఉండాలనుకుంటే పడుకునేటప్పుడు ఏసీ ఎంతసేపు నడుపుతారో అడగండి. ఒడ్డు నుంచి పడవలోకి ఎక్కే బల్ల పెద్దవాళ్ళు నడవగలిగేలా ఉందా అని పగలే చూసుకోండి. లైఫ్ జాకెట్ ఎక్కగానే తొడుక్కోవాలి, బకిల్స్ పెట్టుకోవాలి, దిగేదాకా తీయకూడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి అంతమంది పోయాక కూడా "ఉక్కగా ఉంది" అని జాకెట్లు ఒళ్ళో పెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. పిల్లల జాకెట్ భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకొస్తే అది వాళ్ళ కొలత కాదు.

9. ఒక్కటే ఊరు చూడండి

మూడో రోజు ఒక చోటికి వెళ్ళండి, ఒక్కచోటికే. భక్తి ఉన్నవాళ్ళకి అంతర్వేది, కారులో గంట. దర్శనమయ్యాక అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోటు దూరం నుంచి చూడండి, అలల్లో దిగకండి. తిరుగు రైలు నరసాపురంలో ఎక్కేవాళ్ళు సఖినేటిపల్లి రేవులో పంటు మీద కారుతో సహా ఏరు దాటొచ్చు, పిల్లలకి మసాజ్ కంటే అదే బాగా గుర్తుంటుంది. నరసాపురం లేసు అల్లికలు కొనేవాళ్ళు అక్కడ అరగంట ఆగండి.

రాజమండ్రి వైపు వెళ్ళేవాళ్ళయితే దారిలో ఆత్రేయపురం పూతరేకులు, ధవళేశ్వరం కాటన్ మ్యూజియం. శనివారమైతే వాడపల్లి వెంకన్న గుడికి వచ్చే జనంతో ఆ దారి పట్టేస్తుంది, గంట ముందే బయల్దేరండి.

10. ఫలించిందా లేదా

మధ్యరోజు రాత్రి, మర్నాడు పొద్దున్న ఇవి చూడండి.

- పెద్దవాళ్ళు మధ్యాహ్నం పిలవకుండా నిద్రపోయారా?
- ఒళ్ళు కాస్త పచ్చిపుండులా ఉండటం ఒకరోజు మామూలే. రెండోరోజుకీ తగ్గకపోయినా, నల్లగా కమిలినా, బొబ్బ ఉన్నా, దద్దుర్లు పెరిగినా మళ్ళీ చేయించకండి, డాక్టరుకి చూపించండి.
- బీపీ మిషన్ ఉంటే రెండు పూటలా రాసుకోండి. బాగా తగ్గిందని మాత్ర మాత్రం మానకూడదు.
- మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీళ్ళు తక్కువ తాగారు.
- ఇంటి ఆడవాళ్ళని "నీ కాఫీ వేడిగా ఉన్నప్పుడే తాగావా?" అని అడగండి. లేదంటే పనుల పంపకం చీటీ మళ్ళీ తీయండి, ఇంకా ఒక పూట ఉంది.

ఖాళీ చేసే ముందురాత్రే బిల్లు తెప్పించుకోండి. మసాజ్ వేళలు రెండుసార్లు వేశారా, అదనపు మంచం అడిగినదేనా, సర్వీస్ చార్జీ కలిపారా చూడండి. సర్వీస్ చార్జీ తప్పనిసరి కాదు, తీసేయమంటే తీసేయాలి. ఆ డబ్బు మీ అమ్మకి నూనె రాసిన అమ్మాయి చేతిలో పెట్టండి. ఆమె వచ్చే వేళ కనుక్కుని, మీ అమ్మ చేతే ఇప్పించండి.

నూనె బట్టలు విడిగా కవర్లో కట్టి అన్నిటికంటే పైన పెట్టుకోండి. ఇంటికి చేరగానే వేడినీళ్ళలో సబ్బుపొడి వేసి నానబెట్టకపోతే వాసన పడతాయి.

తిరుగు రైలు రాత్రిది దొరికితే అదే తీసుకోండి. గది సాయంత్రం దాకా ఉంచుకోవడానికి ఎంత అడుగుతారో రెండో రోజు పొద్దున్నే మాట్లాడుకుంటే తక్కువలో అవుతుంది.

మా అత్తగారిని రెండోసారి ఈ వరసలోనే తీసుకెళ్ళాం. నూనె రోజు మధ్యాహ్నం పన్నెండున్నరకి పడుకుని నాలుగింటికి లేచింది. "టీ పెట్టనా?" అంది అలవాటుగా. అప్పటికే టీ వచ్చి ఉంది.